ముక్కుమేస్త్రి ఎత్తిన చెయ్యి

ఆ ఎనిమిదంతస్తుల భవనంలో పనిచేసేవాళ్లలో సగం మందికి ఆయన అసలు పేరు తెలియదు. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి పై అంతస్తు పెద్దాఫీసరు దాకా అందరికీ ఆయన ముక్కుమేస్త్రి. ముక్కు పెద్దదని కాదు. మామూలు ముక్కే, కొస కాస్త ఎర్రగా ఉంటుంది, అంతే. ఆ పేరు పద్దెనిమిదేళ్ల కిందట వచ్చింది. ఓ మధ్యాహ్నం మూడో అంతస్తులో టీ తాగుతూ చటుక్కున గ్లాసు కింద పెట్టి, "ఎక్కడో తీగ కాలుతోంది" అన్నాడు. పక్కనున్నవాళ్లు అటూ ఇటూ చూసి, ఏమీ లేదని నవ్వారు. ఆయన రెండేసి మెట్లు దిగుతూ నేలమాళిగలోని ఏసీ మిషను గదికి పరుగెత్తి స్విచ్చి లాగేశాడు. మోటారు మూత విప్పి చూస్తే లోపలి తీగ చుట్టలు అప్పుడే నల్లబడుతున్నాయి. ఇంకో పావుగంట ఆలస్యమైతే నడివేసవిలో ఎనిమిదంతస్తులూ ఉడికిపోయేవి. ఆ రోజు నుంచి ఆయన ముక్కుమేస్త్రి, ఆ ముక్కు ఆ భవనానికి కాపలా.

ఆ మిషను సంగతి చెప్పడం కష్టమేం కాదు. ఇంట్లో ఫ్రిజ్జుకి పెద్దన్నయ్య లాంటిది. దాని కడుపులో ఒక గ్యాసు తిరుగుతూ నీళ్లలోని వేడిని లాగేస్తుంది. చల్లబడ్డ నీళ్లు గొట్టాల్లో పైకెక్కి, గదులన్నీ చల్లబరిచి, తాము వేడెక్కి మళ్లీ కిందికి వస్తాయి. గదుల్లోకి వెళ్లేది నీళ్లే, గ్యాసు తన గడప దాటదు. దాటకూడదు మరి. కానీ దాటేది. ఎక్కడో ఓ మూల బిగింపు వదులై సన్నగా కారిపోతుండేది. ఆ గ్యాసుకి రంగు లేదు, వాసన లేదు. ముక్కుమేస్త్రి ముక్కు కూడా దాన్ని పట్టలేదు. అందుకే ఆయన గడ్డం గీసుకునే కుంచెని సబ్బు నురుగులో ముంచి, ఒక్కో అతుకుకీ పెళ్లికొడుక్కి పూసినంత ఓపికగా పూసేవాడు. బుడగ లేచిన చోట కారుతున్నట్టు లెక్క. స్క్రూడ్రైవరు మొన మిషనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని దాని గుండె చప్పుడు వినేవాడు. ఇరవయ్యారేళ్లు అలాగే గడిచాయి.

ప్రతి వేసవికీ తగ్గిన గ్యాసు మళ్లీ నింపాల్సిందే. నింపడానికి వచ్చినవాళ్లని ఆయన ఓసారి అడిగాడు.

"పోయినది ఎక్కడికి పోయిందయ్యా?"

"గాల్లోకి పోయింది. నిన్నేం చేయదులే, పడుకో" అన్నారు వాళ్లు.

ఆయనకి ఆ జవాబు నచ్చలేదు. నింపిన ప్రతి సిలిండరుకీ గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేవాడు. గోడ నిండా గీతలు. గాల్లోకి పోయినది గాల్లో ఏం చేస్తోందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇంతలో ఆయనకే ఒక కష్టం వచ్చిపడింది. మూడేళ్ల కిందట ఎనిమిది రోజులు జ్వరంతో పడుకుని లేచాడు. లేచాక అన్నం తిన్నా, టీ తాగినా ఒకటే తీరు. నోరు బాగాలేదనుకున్నాడు. అసలు సంగతి కనిపెట్టింది ఆయన భార్య. స్టవ్వు మీద పాలు పెట్టి, "చూస్తుండండి, ఇప్పుడే వస్తా" అని పక్కింటికి వెళ్లి, కబుర్లలో పడి, అరగంటకి తిరిగొచ్చింది. పక్కింటి గడప దాటగానే మాడు వాసన గుప్పున కొట్టింది. లోపల చూస్తే గిన్నె బొగ్గయింది. ఈయన గిన్నెకి రెండడుగుల దూరంలో కూర్చుని హాయిగా పేపరు చదువుకుంటున్నాడు.

"ఏవండీ, ఇల్లు తగలబడుతున్నా తెలీదా?"

ఆయన తలెత్తి పొగని చూశాడు. తర్వాత భార్యని చూశాడు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

వైద్యుడు మందులిచ్చి, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. రాలేదు. ఈ సంగతి ఇల్లు దాటకూడదని ఆయన భార్య చేత ఒట్టు వేయించుకున్నాడు. ముక్కుమేస్త్రికి ముక్కు పనిచేయదని తెలిస్తే ఇంకేముంది, పేరూ పోయె, పనీ పోయె! చుట్టాలింటికి వెళ్తే ఆవిడ బల్ల కింద ఆయన కాలు తొక్కేది. ఒకసారి తొక్కితే "ఆహా, ఏం వాసన" అనాలి. రెండుసార్లు తొక్కితే నోరు మూసుకోవాలి. పనిలో మాత్రం తోటి ఆపరేటరు మొహమే ఆయనకి ముక్కు. ఆ ఆపరేటరు తాటిచెట్టంత మనిషి, అందరూ పొడుగాయన అంటారు. పొడుగాయన మొహం చిట్లిస్తే ఈయనా చిట్లించేవాడు. ఎలాగూ పాత గ్యాసుకి వాసన లేదు. రోజులు గడిచిపోయాయి.

అలాంటి రోజుల్లో ఇంజనీరమ్మ వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు, జేబులో ఎప్పుడూ మూడు పెన్నులు. పాత మిషను తీసేసి కొత్తది పెట్టే పని ఆమెకి అప్పజెప్పారు. వచ్చిన రోజే గోడ మీది గీతలు చూసి ఆగిపోయింది.

"ఇవేంటి మేస్త్రిగారూ?"

"మేం నింపిన సిలిండర్లమ్మా. కారిపోయినవన్నమాట."

ఆమె గీతలన్నీ వేలితో లెక్కపెట్టింది. "ఇందులో ఒక్క గీత చాలు, ఒక కారు మూడు నాలుగేళ్లు తిరిగి వదిలే పొగంత వేడిని ఆకాశంలో పట్టి ఉంచడానికి" అంది.

ఇరవయ్యారేళ్ల ప్రశ్నకి ఆ పూట జవాబు దొరికింది. ఆయన గోడ వంక చూడలేక తల దించుకున్నాడు.

"మీ తప్పేం లేదు. గీత గీసినవాళ్లు మీరొక్కరే, మిగతా చోట్ల అదీ లేదు" అందామె. "అందుకే దీన్ని తీసేసి అమ్మోనియా మిషను పెడుతున్నాం. అది కారినా ఆకాశానికి చేసే చెరుపు లేదు. కానీ పీలిస్తే మనిషికి విషం. కాబట్టి మిషను ఈ నేలమాళిగలో ఉండదు. వెనక ఖాళీ స్థలంలో దానికో విడి గది, పెద్ద ఫ్యాన్లు, గోడకి మీటర్లు. లోపలికి వచ్చేది మామూలు చల్లనీళ్లే. ఇంకో మంచి గుణం కూడా ఉంది. పాతదానిలా దొంగచాటుగా కారదు. ఒక్క చుక్క కారినా కంపు కొట్టి తానే చెప్పేస్తుంది."

"అయితే మాకు దిగులే లేదు! అందరికంటే ముందు మా గురువుగారికే చెప్తుంది" అన్నాడు పొడుగాయన.

అందరూ నవ్వారు. ముక్కుమేస్త్రి కూడా నవ్వాడు. అందరికంటే కాస్త ఆలస్యంగా.

ఆ సాయంత్రం భార్య తువ్వాలు అందిస్తూనే మొహం చూసి పట్టేసింది. ఆయన చెప్పింది విని నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"చెప్పేయండి."

"చెప్తే తీసేస్తారే."

"చెప్పకపోతే? నేనొచ్చి ఆ మిషను దగ్గర మీ కాలు తొక్కుతూ నిలబడనా?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. గిన్నెలు ఆ పూట మామూలుకంటే గట్టిగా మోగాయి.

రెండు నెలల్లో వెనక గది లేచింది. పాత మిషనులోని గ్యాసుని గాలికి వదలకుండా మొత్తం సిలిండర్లలోకి తోడించింది ఇంజనీరమ్మ. చివరి సిలిండరు మూత బిగించిన చెయ్యి ముక్కుమేస్త్రిదే. దానికి గోడ మీద గీత అవసరం లేకపోయింది. ఆ గది తలుపు వేసి బయటికొచ్చేటప్పుడు ఆయనకి ఎంతో తేలికైంది. కానీ ఇంకో బరువు అలాగే ఉంది. కొత్త మిషనుకి పెద్ద ఆపరేటరుగా ఆయన పేరే రాశారు.

కొత్త గ్యాసు నింపే ముందు రోజు ఇంజనీరమ్మ ఆపరేటర్లనీ వాచ్‌మన్లనీ అయిదుగురిని ఖాళీ స్థలంలో గోడవైపు తిప్పి నిలబెట్టింది. ఒక్కొక్కరికీ చొక్కాకి తగిలించుకునే చిన్న మీటరు ఇచ్చింది, అమ్మోనియా గాల్లో ఉంటే కీచుమంటుందది. ఈ పరీక్షకి మాత్రం వాటిని తీసి పక్కన పెట్టమంది.

"నా దగ్గర సీసాలో కాస్త అమ్మోనియా నీళ్లున్నాయి. ఈ పది అడుగుల దూరం నుంచి ప్రమాదమేం లేదు. మీ వైపే గాలి వీస్తోంది. అందరూ కళ్లు మూసుకోండి. వాసన తగిలినవాళ్లు చెయ్యెత్తండి. ఎవరికి ఎప్పుడు తెలుస్తుందో రాసుకుంటా."

ముక్కుమేస్త్రి ఇరుకున పడ్డాడు. కళ్లు మూసుకుంటే పొడుగాయన మొహం కనపడదు! కానీ చెవులున్నాయిగా. ఇరవయ్యారేళ్లు మిషను గుండె విన్న చెవులు. ఊపిరి బిగబట్టి విన్నాడు. వెనక 'టిక్' మని చప్పుడైంది. మూత తీసింది! మనసులో రెండంకెలు లెక్కపెట్టి, ధీమాగా చెయ్యెత్తాడు.

"మేస్త్రిగారూ," అంది ఇంజనీరమ్మ, "ఇంకా సీసా మూత తీయలేదండీ. అది పెన్ను మూత."

అందరూ కళ్లు తెరిచారు. పొడుగాయన కడుపు పట్టుకుని నవ్వాడు. "చూశారా అమ్మగారూ! మా గురువుగారు మూత తీయకముందే పట్టేస్తారు! ఈ మీటర్లు మాకెందుకండీ, ఆయనుండగా!" అంటూ తన మీటరుని గోడ మేకుకి తగిలించేశాడు.

తప్పించుకోవడానికి అంతకంటే మంచి దారి దొరకదు. నవ్వి ఊరుకుంటే చాలు, పరిహాసంగా పోతుంది. కానీ ఆయన కళ్లు మేకుకి వేలాడుతున్న మీటరు మీద పడ్డాయి. ఈ పొడుగాయనకి ఇద్దరు చిన్నపిల్లలు. రేపు వీడు తనని నమ్మి, ఆ మీటరు ఇలాగే మేకుకి వదిలేసి, ఆ గదిలోకి నడుస్తాడు.

"అది తీసి చొక్కాకి పెట్టుకోరా," అన్నాడు. గొంతు ఆయనకే కొత్తగా వినపడింది. "నా ముక్కుని నమ్మకు. మూడేళ్లయింది అది పోయి."

పొడుగాయన మేకు మీంచి మీటరు తీసుకున్నాడు. "ఎవరికీ చెప్పలేదా?" అని అడిగింది ఇంజనీరమ్మ.

"లేదమ్మా. మా ఆవిడకి తెలుసు. ఆమెకీ నేను చెప్పలేదు, పాలగిన్నె చెప్పింది."

ఆమె నవ్వలేదు, తిట్టలేదు. సీసా చేతిలోకి తీసుకుంది. "ఈసారి నిజంగా చేద్దాం. తెలిస్తేనే ఎత్తండి."

మూత తీయగానే నలుగురి చేతులూ లేచాయి. ఆయన చెయ్యి లేవలేదు. ఆమె ఒక అడుగు ముందుకు వేసింది, మరొకటి వేసింది. మిగతావాళ్లు ముక్కులు మూసుకుని పక్కకి తప్పుకున్నారు. ఆయనకి మాత్రం వట్టి గాలే. ఇంకా నాలుగడుగులు ఉందనగా ఉన్నట్టుండి ముక్కు లోపల ఎవరో సూదితో పొడిచినట్టయింది. కళ్లు చుర్రుమని నీళ్లు తిరిగాయి.

"అమ్మా! మండుతోంది!" అంటూ చెయ్యెత్తాడు. ఆ వెంటనే, "నిజంగానే మండుతోందమ్మా!" అన్నాడు, పోయిన బంగారం దొరికినవాడిలా. కళ్లు తుడుచుకుంటుంటే ఏ నీళ్లు మంటవో ఏవి ఏడుపువో ఆయనకే తెలియలేదు.

ఆమె చటుక్కున మూత పెట్టేసింది.

మర్నాడే ఆయన్ని వైద్యుడి దగ్గరికి పంపారు. గ్యాసు నింపడం నాలుగు రోజులు ఆగింది. ఆ నాలుగు రోజులూ ఆయనకి నిద్ర లేదు, తిండి సయించలేదు. భార్య మాత్రం చీకూచింతా లేకుండా ఉంది.

"పని పోతుందేమోనే."

"పోతే పోనివ్వండి. మీరు దాస్తున్నంతకాలం మీరు ఇంటికొచ్చే దాకా నా ప్రాణం గేటు దగ్గరే ఉండేది. ఇప్పుడు హాయిగా ఉంది."

ఆవిడకి అంత భయం ఉందని ఆయనకి అప్పటిదాకా తెలియనే తెలియదు.

అయిదో రోజు ఇంజనీరమ్మ పిలిపించింది. బల్ల మీద వైద్యుడి కాగితం ఉంది.

"వాసన మోసే నరం వేరు, మంట మోసే నరం వేరట. మీకు మొదటిది పోయింది, రెండోది ఉంది. కానీ మంట తెలిసేసరికి మీరు చాలా దగ్గరికి వెళ్లిపోయి ఉంటారు. కాబట్టి మంటనీ నమ్మకూడదు."

"అర్థమైందమ్మా," అంటూ ఆయన జేబులోంచి తాళంచెవులు తీసి బల్ల మీద పెట్టాడు.

"అవెందుకు ఇస్తున్నారు? మిషను ఎవరు నడుపుతారు? మాట పూర్తిగా చెప్పనివ్వండి" అని కసిరిందామె. "ముక్కు బాగా ఉన్నవాళ్లనీ నేను నమ్మను. అరగంట ఆ కంపులో తిరిగితే ఎవరి ముక్కైనా మొద్దుబారుతుంది, ఇక ఏమీ లేదనుకుంటారు. తనకి తెలియదని తెలిసినవాడు మీటరు చూడకుండా గడప దాటడు. మీకు రెండు షరతులు. మీటరు లేకుండా లోపలికి వెళ్లకూడదు. ఒంటరిగా వెళ్లకూడదు. ఈ రెండూ అందరికీ పెట్టేశాను. ఇంకోసారి ఇలాంటిది దాచారా, నేనే తీసేస్తా."

ముక్కుమేస్త్రి మూడేళ్లుగా బిగబట్టిన ఊపిరి వదిలాడు. తాళంచెవులు తీసి జేబులో వేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం కొత్త గది తలుపు మీద తన చేత్తోనే పెద్దక్షరాలతో రాశాడు: "ముక్కుతో కాదు, మీటరుతో రండి." సబ్బు నురుగు కుంచె పక్కన ఎర్ర కాగితం ముక్కల డబ్బా వచ్చి చేరింది. తడిపి అతుకు దగ్గర పెడితే, అమ్మోనియా కారుతున్న చోట ఆ కాగితం నీలంగా మారుతుంది. ఆ రంగు చూడటానికి కళ్లు చాలు. మిషను మొదలైన రోజు వంద అతుకులకీ కాగితం పెట్టి చూశాడు. వందా ఎర్రగానే ఉన్నాయి. తర్వాత స్క్రూడ్రైవరు పిడి చెవికి పెట్టుకున్నాడు. కొత్త గుండె నిమ్మళంగా కొట్టుకుంటోంది. ఎనిమిదో అంతస్తు నుంచి ఫోను వచ్చింది, చలేస్తోంది, కాస్త తగ్గించమని.

ఇంటికెళ్లి చెప్పులు విడుస్తూనే వంటింటివైపు కేకేశాడు.

"ఏమే, ఏం వాసనొస్తోంది?"

పక్కింటావిడ అక్కడే కూర్చుని ఉంది. ఆయనకిప్పుడు ఆ లెక్కే లేదు.

"ఉల్లిపాయలు వేగుతున్నాయి. ఒక పక్క కొంచెం ఎక్కువ ఎర్రబడ్డాయి, ఆ తియ్యటి వాసన. కిటికీలోంచి తడిమట్టి వాసన, ఎక్కడో వాన పడ్డట్టుంది" అంది ఆవిడ. తలుపు దాకా వచ్చి, "మీ చొక్కా వాసన మాత్రం నోటితో చెప్పేట్టు లేదు. ముందు పోయి స్నానం చేయండి" అంది.

ముక్కుమేస్త్రి తువ్వాలు అందుకుని, నవ్వుకుంటూ వెళ్లాడు.