స్లైడ్ రూలుతో కెలికిన సంగటి

ఆ రోజుల్లో గణితం చదివేవాళ్లకు గర్వం ఎక్కువ, వంట తక్కువ. నాకు రెండోది అసలే రాదు. అయినా జ్వరంతో పడుకున్న స్నేహితుడికి సంగటి చేసి పెట్టాను, అదీ వాడి స్లైడ్ రూలుతోనే కెలికి. తప్పు నాదే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో మేమిద్దరం ఇంగ్లండులో అనువర్తిత గణితంలో ఎమ్మెస్సీ చదువుతున్నాం. వాడిది పులివెందుల, నాది జమ్మలమడుగు. ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్లం (అంత దూరంలో ఆ పేర్లు చెవిన పడటమే మాకు పండగ). పరీక్షకు ముందురోజు వాడి ఒళ్లు కాలిపోతోంది. పరీక్ష తప్పితే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, తిరుగు ఓడ ఎక్కాల్సిందే. రొట్టె ముట్టడు, సూపు తాగడు. "జమ్మలమడుగూ, రోంత సంగటి చెయ్యప్పా. అది తింటే లేచి కూర్చుంటా" అన్నాడు. వాళ్లమ్మ కట్టిచ్చిన రాగిపిండి డబ్బా అడుగున కొంచెం మిగిలి ఉంది. అన్నం ఉడికించి పిండి పోశాను. మేం అద్దెకున్న ఇంటి యజమానురాలి చెంచాతో కలిపితే చెంచా వంగిపోయింది. సంగటికి కట్టె కావాలి కదా! బల్ల మీద మా ఇద్దరి స్లైడ్ రూళ్లు ఉన్నాయి. మధ్య పలకను అటూ ఇటూ జరిపి హెచ్చవేతలు చేసుకునే అడుగు పొడవు చెక్క సాధనాలవి. నాది ప్రొద్దుటూరు మామ కొనిచ్చిన కొత్తది. చెయ్యి దానిదాకా పోయి, పక్కకు జరిగి, వాడిదాన్ని పట్టుకుంది.

ముద్ద బాగా కుదిరింది. వాడు కళ్లు మూసుకుని తిన్నాడు. నేను స్లైడ్ రూలును వేన్నీళ్లలో నానబెట్టి, కడిగి, బల్ల మీద పెట్టేశాను. సాయంత్రానికి జ్వరం దిగింది. వాడు లేచి లెక్క మొదలుపెడితే మధ్య పలక కదల్లేదు. చెక్క ఉబ్బిపోయింది.

"ఏందప్పా ఇది? దీంతోనా కెలికినావు?"

"వేరే కట్టె దొరకలేదు పులివెందులా."

వాడు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "వాసన మాత్రం మా ఇంటిదే" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

పొద్దున్నే నా స్లైడ్ రూలు వాడి చేతిలో పెట్టి నిజం చెప్పేశాను. "నాది కొత్తది గదా అని నీదాన్ని తీసుకుంటి."

"తెలుసులేప్పా. నేనైనా నీదే తీసుకుంటాంటి" అని నవ్వాడు. "మరి నువ్వేం జేస్తావు?"

"లాగరిథం పట్టికల పుస్తకం ఉండాదిలే."

ఆ పుస్తకం పేజీలు తిప్పుతూ ఉండగానే గంట మోగింది. నేను చివరి ప్రశ్న ముట్టనే లేదు. పక్క వరసలో వాడు అప్పటికే రాయడం ముగించి, స్లైడ్ రూలును చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. బయటికొచ్చాక ఇవ్వబోతే నేను తీసుకోలేదు. వాడు మంచి మార్కులతో, నేను బొటాబొటిగా గట్టెక్కాం. ఆ మార్కులు గుర్తొచ్చినప్పుడల్లా, వంట రాని ఆ కుర్రాడి మీద నాకు కాస్త గౌరవం కలుగుతుంది.