తల చూసి ఎక్కిన కారు

రోజూ పొద్దున సెలూన్ షట్టర్ ఎత్తే ముందు కత్తెర మామయ్య ఎదురుగా బస్టాపులో నిలబడ్డ తలల్ని ఓసారి పరికించి చూస్తాడు. ఎవరికి చెవుల మీదికి జుట్టు దిగిందో, ఎవరు తనకు చెప్పకుండా వేరే షాపుకు వెళ్ళొచ్చారో ఆయనకు ఇట్టే తెలిసిపోతుంది. పేర్లు మాత్రం ఒక పట్టాన గుర్తుండవు.

కొన్నేళ్ళ కిందట విదేశంలో జరిగే హెయిర్ కటింగ్ పోటీలకు ఆయనకు పిలుపొచ్చింది. తోడుగా భార్య కూడా బయల్దేరింది. ఆమె వీధి మొత్తానికీ అత్తయ్యే.

విమానాశ్రయంలోంచి బయటికి రాగానే అత్తయ్య ఫోనులో ట్యాక్సీ బుక్ చేసింది. కారు నంబరు, డ్రైవరు ఫొటో వచ్చాయి. మామయ్య నంబరు జోలికే పోలేదు. ఫొటోలో భుజాల దాకా ఉంగరాల జుట్టు కనిపించింది, ఆయనకది చాలు. వెయ్యిమందిలో ఉన్నా పట్టేస్తానన్నాడు.

పట్టేశాడు కూడా. అచ్చం అలాంటి జుట్టే ఉన్న మనిషి ఒకడు నవ్వుతూ ఎదురొచ్చి, ట్యాక్సీయేనన్నట్టు తలూపి, ఆయన చేతిలోని పెట్టె అందుకున్నాడు. కత్తెరలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. మధ్యాహ్నమే పోటీ. చేతికి అలవాటైన కత్తెర లేకపోతే మామయ్య వేదిక మీద నిలబడ్డా ఒకటే, కింద కూర్చుని చూసినా ఒకటే. పెట్టె డిక్కీలోకి వెళ్ళింది, మామయ్య సీట్లోకి వెళ్ళాడు.

అత్తయ్య మాత్రం కారు వెనక్కి వెళ్ళి నంబరు చూసింది. కలవలేదు. డిక్కీ మూత పడకుండా చెయ్యి అడ్డం పెట్టి, ఎవరి కోసం వచ్చావని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది. తన పేరు మాత్రం బయటపెట్టలేదు. మీకోసమే అన్నాడతను. అయితే నా పేరేమిటంటే, ఆలస్యమవుతోందన్నాడు.

"దిగండి," అంది మొగుడితో.

"జుట్టు చూడవే, అచ్చం అదే."

"జుట్టుతో నాకేం పని? నంబరు వేరు, నా పేరు తెలీదు. పెట్టె తీసుకుని నేను పోతున్నా. మీరు ఆ ఉంగరాలు దువ్వుకుంటూ కూర్చోండి."

మామయ్య దిగాడు. పెట్టె కూడా దిగింది. ఉంగరాల జుట్టు ఇంకో ప్రయాణికుడి వైపు నవ్వుకుంటూ నడిచింది.

సరైన నంబరున్న కారు ఇంకాస్త అవతల ఉంది. పక్కన నున్నటి గుండుతో ఒకాయన నిలబడి ఉన్నాడు. అడగ్గానే అత్తయ్య పేరు చెప్పాడు. ఫోనులోని ఫొటోను ఆయన మొహం పక్కన పెట్టి చూస్తే కళ్ళూ ముక్కూ గడ్డం మీద మచ్చా అన్నీ అవే. జుట్టు మొన్ననే తీయించేశానని ఆయన సైగ చేశాడు. కారెక్కాక ఆమె తాము వెళ్ళే దారి ఫోనులోంచి కూతురికి పంపింది. ఆ గుండుకు చెవి వెనక కత్తి సరిగ్గా పడలేదని మామయ్య దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు.

పోటీ వేళకు చేరుకున్నారు. బహుమతి రాలేదు గాని, మళ్ళీ రమ్మన్నారు.

ఇప్పుడు ఏడాదికోసారి ఇద్దరూ అలాంటి పోటీలకు వెళ్తుంటారు. ట్యాక్సీ బుక్ చేసేదీ, ఎక్కమని చెప్పేదీ అత్తయ్యే. మామయ్య పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంటాడు.