క్యూలో కింది పేరు

మెహ్జబీన్ వానల మీద పీహెచ్‌డీ చేస్తోందని నెక్కొండలో వాళ్ల వాడకట్టంతటికీ తెలుసు. తెలిసి ఏం లాభం? ఇంటికి పోయిన ప్రతిసారీ వాకిట్లో అడుగు పెట్టకముందే ఎవరో ఒకరు రేపు వాన పడుతుందా, పత్తి గింజలు పెట్టొచ్చా అని అడుగుతారు. తను చూసేది ఎన్నడో కురిసి ఇంకిపోయిన వానలనీ, ఆనాటి మబ్బు ఎలా పుట్టిందో కంప్యూటర్‌లో మళ్లీ పుట్టించి చూడటమే తన పననీ మొదట్లో ఓపికగా చెప్పేది. "పడ్డ వానకు మళ్ల లెక్కలెందుకు బిడ్డా" అని పక్కింటి పూలమ్మ అడిగిన రోజు నుంచి చెప్పడం మానేసింది. ఇప్పుడు ఎవరడిగినా "పడతదట" అని నవ్వి లోపలికి పోతుంది.

హనుమకొండలో ఆమెకొక అద్దె గది, కాలేజీలో ఒక ల్యాబ్. ల్యాబ్‌లో కుర్చీలు చాలా ఉన్నాయి, కూర్చునేది ఆమె ఒక్కతే. తోడుగా ఉండే సుభాషిణి చదువు చాలించి బెంగళూరులో ఉద్యోగానికి పోయింది. గైడు రాజేశ్వర్ రావు సార్ మంచివాడే కానీ మీటింగులు ఆయన్ను వదిలితే కదా. పొద్దున వచ్చి తాళం తీసి, ఫ్యాను వేసి, టీ తాగుతూ సైన్సు వార్తలు చదవడంతో ఆమె రోజు మొదలవుతుంది. చదివిన ముచ్చట ఎవరికైనా చెప్పాలని ప్రాణం కొట్టుకుంటుంది. చెప్పడానికి గోడలున్నాయి. శనిగ్రహానికి కొత్తగా నూటికి పైగా చందమామలు దొరికాయని చదివిన రోజు ఆగలేక ఇంటికి ఫోన్ చేసింది.

"ఉన్న ఒక్క చాంద్ కనబడేసరికే రంజాన్‌ల మనకు మెడలు నొస్తయి. వాళ్లకు అన్నెందుకు బిడ్డా?" అంది తల్లి ఫాతిమా బేగం. "సరే గని, తిన్నవా?"

తిన్నానంది. తినలేదు. ఒక్కదానికోసం వండుకోవడం ఎంత విసుగో ఒంటరిగా ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

మబ్బును పుట్టించడం ల్యాబ్‌లోని కంప్యూటర్ వల్ల అయ్యే పని కాదు. హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో గదంత పెద్ద కంప్యూటర్ ఉంది. చుట్టుపక్కల జిల్లాల విద్యార్థులందరూ ఎక్కడివాళ్లక్కడినుంచే దానికి పని పంపుతారు. అది అందరి పనీ ఒక్కసారే చేయలేదు కాబట్టి తెర మీద ఒక క్యూ కనిపిస్తుంది. ఎవరి పని నడుస్తోంది, ఎవరిది ఎవరి వెనక ఉంది అన్నీ కనిపిస్తాయి. రేషన్ షాపు ముందు లైనులాంటిదే, అక్కడ చెప్పులు పెడతారు, ఇక్కడ పేర్లు. మెహ్జబీన్ పేరు మాత్రం అందులో కనిపించదు. ఖాతా కాలేజీది కనుక "వరంగల్-7" అని వస్తుంది.

కిందటి వానాకాలం ఆమెకు ఒక సెమినార్ పడింది. ఫలితాలు చేతిలో లేవు, క్యూ చూస్తే కొండవీటి చాంతాడు. అడగనిదే అమ్మయినా పెట్టదు కదా అని, ఆ కంప్యూటర్ వాడేవాళ్ల మెయిల్ గ్రూపులో "వరంగల్-7కు ఈ వారం చాలా అవసరం, ఎవరైనా కొంచెం జరగగలరా" అని రాసింది. ఒక్కరూ జవాబివ్వలేదు. మర్నాడు పొద్దున చూస్తే, ఆమెకు పైన ఉండాల్సిన హరికృష్ణ అనే అతని పనులన్నీ వరంగల్-7 కిందికి వచ్చి ఉన్నాయి.

మాట లేదు, పలుకు లేదు. ఊరికే జరిగి చోటిచ్చాడు. మెహ్జబీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. కిక్కిరిసిన బస్సులో కిటికీలోంచి తనకోసం ఎవరో రుమాలు వేసి ఉంచినట్టు అనిపించింది.

ఆ తర్వాత ప్రతిసారీ అలాగే జరిగింది. ఆమె పని పెట్టగానే హరికృష్ణ కిందికి దిగేవాడు. పొద్దున టీ తాగుతూ సైన్సు వార్తల కన్నా ముందు క్యూ చూడటం అలవాటైంది. ఆ పేరు కనిపిస్తే ఆ రోజు ల్యాబ్‌లో మనిషి ఉన్నట్టుండేది. ప్రేమా దోమా అని మీరు తొందరపడకండి. ఆమె కోరుకున్నది అంత పెద్దది కాదు. ఇంత పెద్ద లోకంలో తను పని చేస్తున్నట్టు, తనకు అవసరం ఉన్నట్టు ఒక్క మనిషికి తెలుసు అన్న నమ్మకం, అంతే. ఆ నమ్మకం మీదే చలికాలం గడిపేసింది.

ఎండాకాలం ముందర ఆ సంస్థవాళ్లు హైదరాబాద్‌లో శిక్షణ పెట్టారు. వచ్చేవాళ్ల పేర్లలో హరికృష్ణది కూడా ఉంది. మెహ్జబీన్ ముందురోజే ఇంటికి పోయి తల్లితో మలీద చేయించింది. రొట్టెలు, బెల్లం, నెయ్యి కలిపి దంచి చేసిన ముద్దలు. "ఎవరికి బిడ్డా ఇన్ని?" అంటే "దోస్తులకు" అంది. ఆ మాట అనడం ఎంత బాగుందో. నెక్కొండలో రైలెక్కింది మొదలు ఏం మాట్లాడాలో, "మీరు అంత సాయం చేసిండ్రు" అని ఎట్లా మొదలుపెట్టాలో మనసులో దిద్దుకుంటూనే ఉంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర డబ్బా తెరిచింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక ముద్ద తీసుకున్నారు. ఎదురుగా కూర్చున్న బక్కపల్చటి అతను రెండోది కూడా తీసుకుని, "మస్తుంది మేడమ్. నా పేరు హరికృష్ణ. మీదెక్కడ?" అన్నాడు.

దిద్దుకున్న మాటలు ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంటూ ఆమె డబ్బాను అతనివైపు జరిపింది. "నెక్కొండ" అంది.

పక్కనున్నవాడు థీసిస్ ఎందాకా వచ్చిందని హరికృష్ణను అడిగాడు.

"ఎక్కడొచ్చిందన్నా? వరంగల్-7 అని ఒకటుంది. అది వచ్చిందంటే నా పనులన్నీ కిందికి పోతయి. ఎవలో గని, నా పాణం తింటాండ్రు. థీసిస్ ఇస్తేనే పెండ్లి అన్నడు మా మామ. అటు ఆయన తిడ్తాండు, ఇటు గైడు తిడ్తాండు."

మెహ్జబీన్ మెల్లగా అడిగింది. "మీరే జరుగుతలేరా?"

"నేనెందుకు జరుగుత మేడమ్?" అతను నవ్వాడు. "సిస్టమ్ రూల్ గద. ఎక్కువ వాడుకున్నోన్ని ఎన్కకు నెట్టుతది. నేను మొదట్ల బాగ వాడుకున్న, ఇప్పుడు అనుభవిస్తాన."

పీహెచ్‌డీ చేసే పిల్లకు ఆ మాత్రం తెలియదా అని మీరు అడగొచ్చు. తెలుసు. ఆ రూలు వాళ్లిచ్చిన సూచనల మొదటి పేజీలోనే ఉంది. ఖాతా తీసుకున్నప్పుడే చదివింది, కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలకు తనే విడమరిచి చెప్పింది కూడా. మెయిల్‌కు ఎవరూ జవాబివ్వని రోజు మాత్రం అది గుర్తుకు రాలేదు. రానివ్వలేదంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. చెప్పుకుంటే సిగ్గుచేటు.

వరంగల్-7 తనేనని ఆమె చెప్పలేదు. డబ్బాలో మిగిలిన ముద్ద కూడా అతనికే పెట్టింది. తిరుగు రైల్లో కిటికీవైపు మొహం తిప్పుకుని కాజీపేట దాకా ఏడ్చింది. అతని మీద కోపం లేదు. అన్ని నెలలు తనకు తోడున్నది ఎవరూ కాదని తెలిసినందుకు ఏడ్చింది.

సోమవారం ల్యాబ్‌కు వచ్చి పని పంపేటప్పుడు అందులో ఒక చిన్న లైను చేర్చింది. నా వంతు వచ్చినా సరే, నన్ను వెనకే ఉంచు అని కంప్యూటర్‌తో చెప్పుకునే వీలు ఒకటుంది. ఎవరూ వాడరు. ఎవరికి వారు ముందుకు పోవాలనే చూస్తారు కదా. కాసేపటికి హరికృష్ణ పేరు వరంగల్-7ను దాటి పైకి పోయింది. ఆ ఎండాకాలమంతా అలాగే పోయింది.

"ఏందమ్మా, ఫలితాలు లేటైతానయి?" అని రాజేశ్వర్ రావు సార్ రెండు మూడుసార్లు అడిగాడు.

"క్యూ పెద్దగున్నది సార్" అంది.

వానలు మొదలయ్యాక ఒక రోజు మెయిల్ గ్రూపులో హరికృష్ణ ఉత్తరం వచ్చింది. పని పూర్తయింది, థీసిస్ ఇచ్చేశాను, ఈ మధ్య క్యూను బాగుచేసినందుకు సంస్థవారికి కృతజ్ఞతలు అని రాశాడు. ఏమీ చేయని సంస్థవారు వెంటనే జవాబిచ్చారు. మీకు సాయపడగలిగినందుకు సంతోషం అన్నారు. మెహ్జబీన్ ఆ రెండు మెయిళ్లూ చదివి, ఖాళీ ల్యాబ్‌లో ఒక్కతే పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. గ్రూపులో వరసగా వస్తున్న అభినందనల్లో తనదీ ఒకటి పడేసింది. అతను "అందరికీ థ్యాంక్స్" అన్నాడు.

తర్వాత ఆ చిన్న లైను తీసేసి తన మబ్బును క్యూలో పెట్టింది. సెలవుల రోజులు, పైనా కిందా ఎవరి పేరూ లేదు. పెట్టీ పెట్టగానే పని మొదలైపోయింది.

అటుగా పోతున్న సార్ తలుపులోంచి తొంగిచూసి, "ఇప్పుడు జల్ది అయితాంది గదమ్మా?" అన్నాడు.

"అయితాంది సార్" అంది.