కత్తి వదిలి తెడ్డు పట్టినవాడు

శ్రావణమాసం, రెండో శనివారం, పొద్దున పదకొండుకు ఐదు నిమిషాలు తక్కువ. సంవత్సరం రెండువేల ఆరో ఏడో, అది మాత్రం గట్టిగా చెప్పలేను. గంట గుర్తుండటానికి కారణముంది. పదకొండున్నరకు గద్వాల బస్టాండు నుంచి కర్నూలు బస్సు కదులుతుంది. ఆ బస్సు కండక్టరు చేతికి ఒక సీడీ ఇచ్చి వెనక్కి పంపాలా, ఇంట్లోనే ఉంచుకోవాలా అన్నది ఆలోపల తేలాలి. ఉంచుకుందాం అన్నది నేనొక్కదాన్నే.

అక్షరాలు నాకు యాభై దగ్గరపడ్డాక వచ్చాయి. మా వాడకట్టులో ఆడవాళ్లకు చదువు చెప్పిన రోజుల్లో నేర్చుకున్నాను. అందుకని మాటను తిప్పి తిప్పి రాయడం నాకు రాదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఎవరికైనా గుచ్చుకుంటే గుచ్చుకోనీ.

గద్వాలలో మా ఇంటి ముందటి అర్రలో మా కోడలు వీడియోగేముల దుకాణం పెట్టింది. మూడు టీవీలు, మూడు ఆటపెట్టెలు, నేలమీద చాపలు. పిల్లలూ కాలేజీవాళ్లూ గంట లెక్కన ఆడి పోయేవాళ్లు. కోడలిది నాగర్‌కర్నూల్. ఇంటర్ దాకా చదివింది, మాటకారి. కొడుకు డీసీఎం బండి మీద రాయచూరు తిరిగేవాడు, వారంలో రెండు రోజులు ఇంటిపట్టున ఉంటే గొప్ప. దుకాణం అంతా ఆమెదే.

కొడుకు అన్నాను గానీ, వాడు మా అక్క కొడుకు. నన్ను చిన్నమ్మా అనే పిలుస్తాడు. వాడికి మాటలు రాకముందే మా అక్క కామెర్లతో పోయింది. పిల్లవాడు పరాయిదాని చేతిలో పడొద్దని పెద్దవాళ్లు కూర్చొని మాట్లాడుకుని నన్ను మా బావకే కట్టబెట్టారు. నన్నెవరూ అడగలేదు, ఆ రోజుల్లో అడిగేవాళ్లు కాదు. మా అక్క వదిలిన పొయ్యి దగ్గరికి, మా అక్క వదిలిన చీరెల్లో వచ్చాను.

రొట్టె చేస్తే పెద్దదాని చేయి వేరే అనేది మా అత్త. వాకిలి ఊడిస్తే పెద్దదాని ఊడుపు వేరే. అక్క పోయిన మూడేళ్లకు ఒక బర్రెను కొన్నాం. నేను పాలు పిండి తెస్తే చెంబులోకి తొంగి చూసి, "పెద్దది పిండితే ఇంకింత ఇస్తుండె" అన్నది. ఆ బర్రె మొఖం అక్క ఎన్నడూ చూడలేదు. ఆ మాట అంటే ఎదురు మాట్లాడుతున్నానని ఊరంతా చెప్పేది. మా ఆయన మాత్రం ఎన్నడూ అట్లా అనలేదు. మంచిదీ చెప్పలేదు, చెడ్డదీ చెప్పలేదు. ముప్పై ఏళ్లూ నేను దాన్నే మర్యాద అనుకుని బతికాను.

ఇక ఆట సంగతి. అంతకుముందు ఏడాది దుకాణాన్ని నిలబెట్టింది ఒక కత్తి ఆట. ఎర్ర అంగీ తొడుక్కున్న ఒక వీరుడు రాక్షసులను నరుక్కుంటూ పోతాడట. నేను దాన్ని చూడలేదు. అప్పుడు నేను అయిజ దగ్గర సీడు పత్తి చేన్లలో క్రాసింగు పనికి పోతుండేదాన్ని. పొద్దున్నే పోయి మగపువ్వును తెంపి ఆడపువ్వుకు రుద్దడం, సాయంత్రం మళ్లీ మొగ్గలు గిల్లడం. ఇంటికొచ్చేసరికి దుకాణం మూసి ఉండేది. మా ఆయనా దాన్ని చూడలేదు. కాలు విరిగి, ఆ ఆట నడిచినన్నాళ్లూ వనపర్తిలో వాళ్ల చెల్లెలి ఇంట్లో పడుకుని ఉన్నాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఆ వీరుడి కొత్త ఆట వచ్చిందని కర్నూలులో సీడీలు అమ్మేవాడు ఫోన్ చేశాడు. కోడలు వెంటనే తెప్పించి, అట్టముక్క మీద రాసి తలుపుకు కట్టింది. అందరూ ఎగబడ్డారు. అయిజ నుంచి బస్సులో వచ్చి డిగ్రీ చదివే ఒక పిల్లగాడు ఉండేవాడు, మా దుకాణంలో వాడే పెద్ద ఆటగాడు. మొదటి గంట వాడిదే. సీడీ పెట్టారు. అదే వీరుడు, అదే ఎర్ర అంగీ. కానీ గడ్డం నెరిసింది, చేతిలో కత్తి లేదు, తెడ్డు ఉంది. నది ఒడ్డున నిలబడి జనాన్ని పడవలో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు దాటిస్తున్నాడు. ఆట అంటే అంతే.

డిగ్రీ పిల్లగాడు కాసేపు ఓపిక పట్టాడు. తర్వాత కోడలి వైపు తిరిగి అన్నాడు, "ఏందక్కా, మావోన్ని గిట్ల పడవోన్ని చేసిన్రు?"

అంతే, ఆ రోజు నుంచి దాన్ని తిట్టనివాడు లేడు. ఒక్కడూ చావడు, రక్తం లేదు, సీడీ అట్ట మీద కత్తి బొమ్మ వేసి మోసం చేశారు అన్నారు. అట్ట మీది కోపం న్యాయమే, నేను కాదనను. కత్తి చూపించి తెడ్డు అమ్మడం తప్పే. కానీ అది అట్ట వేసినవాడి తప్పు. పడవవాడు ఏం చేశాడు?

మధ్యాహ్నాలు దుకాణం ఖాళీగా ఉండేది. పత్తి పని ఆ ఏడాది మానేశాను, నడుము ఒప్పుకోలేదు. ఒకనాడు కోడలు ఊరికే నా చేతిలో రిమోట్ పెట్టి, ఏది నొక్కితే ఏమవుతుందో చూపించింది. ఆ మధ్యాహ్నం కరెంటు పోయేదాకా లేవలేదు. మర్నాడు మళ్లీ కూర్చున్నాను.

బాగా లేనివి ముందు చెప్తాను. మనుషులందరికీ ఒకటే మొఖం. ఒడ్డున కుక్క ఒకటే మొరుగుడు మొరుగుతుంది. పాట తిరిగి తిరిగి వచ్చి తల వాస్తుంది. పడవ తిరగమంటే మొండి దున్నపోతులాగా నిలబడుతుంది.

కానీ నీళ్లు బాగుండేవి. పొద్దున ఒక రంగు, మబ్బు పడితే ఇంకో రంగు. ఎక్కేవాళ్లు ఉత్త చేతులతో రారు. ఒకామె మేకపిల్లతో వస్తుంది, ఒకాయన గింజల మూటతో, ఇంకొకాయన మంచం నెత్తిన పెట్టుకుని. ఎవరిని ఎటు కూర్చోబెడితే పడవ అటు ఒరుగుతుంది. ఆ బరువును చేతిలో పట్టుకున్నట్టే తెలుస్తుంది. మసక పడ్డాక అవతలి ఒడ్డున దీపం ఊగుతుంది. ఎవరో పిలుస్తున్నారని తెడ్డు వేసుకుంటూ పోతే అక్కడ మనిషి ఉండడు, కొమ్మకు కట్టిన లాంతరు ఉంటుంది. ఒకరినీ చంపకుండా గుండె జారేటట్టు చేశారు. ఇంకొకటి. దించినాక ఒక్కరూ వెనక్కి తిరిగి చూడరు. దండం పెట్టరు, మాట అనరు. మూట ఎత్తుకుని వెళ్లిపోతారు. అది నాకు అన్నిటికన్నా నచ్చింది. అక్కడ ఆట అబద్ధం చెప్పలేదు.

నా పుట్టిల్లు బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున. చిన్నప్పుడు నదిని పుట్టిలో, అంటే గుండ్రటి బుట్టపడవలో దాటేవాళ్లం. నడినీళ్లకు రాగానే మా అమ్మ కొంగు ముడి విప్పి కృష్ణమ్మకు ఒక పైసా వేసేది. వేయకుండా దాటితే తిరిగి రామని. ఇప్పటికీ బస్సు బీచుపల్లి బ్రిడ్జి ఎక్కితే ఆడవాళ్ల చేతులు కిటికీలోంచి బయటికి వస్తాయి. ఈ ఆటలోనూ ఒక మీట నొక్కితే పడవవాడు కిరాయి నాణెం ఒకటి తీసి నీళ్లలో వేస్తాడు. బుడుంగుమని చప్పుడు, చుట్టూ వలయాలు. ఎందుకు పెట్టారో నాకు తెలియదు. నేను మాత్రం దాటిన ప్రతిసారీ నడినీళ్లలో వేశాను. అట్లా వేస్తే నాణేలు తగ్గి రెండో నది తెరుచుకోదని కోడలు చెప్పింది. తెరుచుకోకపోతే పోయింది. మొదటి నదే నాకు ఇంకా తీరలేదు.

నచ్చకపోతే వారంలోపల తిప్పి పంపు, వేరేది ఇస్తానని కర్నూలువాడు ముందే చెప్పాడు. ఆ వారం శనివారంతో సరి.

ఆ పొద్దున కోడలు సీడీ డబ్బాను పేపరులో చుడుతున్నది. డిగ్రీ పిల్లగాడు ఇద్దరిని వెంటేసుకుని వచ్చాడు. పక్క దుకాణంలో సెల్‌ఫోన్లు బాగుచేసే భాయి గిరాకీ లేక గడపకు ఆనుకుని నిలబడ్డాడు. మా ఆయన రోజూలాగే గోడవారన ప్లాస్టిక్ కుర్చీలో. ఆయన తల పైన మా అక్క ఫోటో. శుక్రవారం శుక్రవారం దానికి బొట్టు పెట్టేది నేనే.

ఉంచమని అడిగాను. కోడలు చుట్టడం ఆపలేదు.

"అత్తమ్మా, మీరొక్కరు ఆడితే దుకాణం నడుస్తదా? గీళ్లు బస్టాండు కాడ కొత్త దుకాణంకు పోతమంటున్నరు."

ఆమె మాటలో తప్పు లేదు. డిగ్రీ పిల్లగాడు మధ్యలో దూరాడు.

"పెద్దమ్మా, మొదటిది ఆడినవా నువ్వు?"

"లేదు."

"మరి గిది బాగుందని ఎట్ల చెప్తవు?"

"మొదటిది ఆడలే కాబట్టే చెప్తున్న. ఇయ్యాల్టి కూడు ఎట్లుందంటే ఇయ్యాల్టిది తిని చెప్పాలె. నిన్నటి పండుగను తల్సుకుంట తింటే ఏదైనా చప్పగనే ఉంటది."

వెంట వచ్చినవాళ్లు నవ్వారు. భాయి నవ్వలేదు. పెద్దమనిషి తీర్పు చెప్పినట్టు చెయ్యి ఎత్తాడు.

"జర ఆగుండ్రి. పెద్దమ్మను ఆడనీయుండ్రి. రెండో నది తెరిస్తె సీడీ ఉంటది, మీరు గూడ ఆడాలె. తెరవకుంటె బస్సెక్కుతది."

పిల్లలు ఒప్పుకున్నారు, కాబట్టి కోడలూ ఒప్పుకుంది. చుట్టిన పేపరు విప్పింది. నేను నేలమీద కూర్చుని రిమోట్ తీసుకున్నాను. రెండో నది తెరవాలంటే కిరాయి నాణేలు లెక్కకు సరిపడా మిగలాలి. నీళ్లలో వేయకుండా దాటితే చాలు. కోడలు నా చెవిలో అది చెప్పింది కూడా.

మేకపిల్ల ఆమెను ముందు కూర్చోబెట్టాను, మూట ఆయనను వెనక. గాలి ఎదురు తిరిగింది. పడవ ఒరిగింది. మంచం ఆయన జారబోతే డిగ్రీ పిల్లగాడు చాప మీదికి వంగి, "ఎడమకు, పెద్దమ్మా, ఎడమకు" అన్నాడు. వాడి ఒళ్లు కూడా ఎడమకు ఒరిగింది. వెంట వచ్చినవాళ్లూ ఒరిగారు. భాయి గడప దాటి లోపలికి వచ్చాడు. అట్ట మీది కత్తి ఆ కాసేపు ఎవరికీ గుర్తు లేదు. ఇది నేను కళ్లతో చూశాను. కాదని వాళ్లు ఇప్పుడంటే ఒప్పుకోను.

నిమ్మళమైన నీళ్లలోకి వచ్చాం. నడినది. నా బొటనవేలు నొక్కింది.

బుడుంగుమన్నది. వలయాలు లేచాయి. ఒడ్డు చేరేసరికి నాణెం ఒక్కటి తక్కువైంది, నది తెరుచుకోలేదు.

ఇక నవ్వు ఆగలేదు. కృష్ణమ్మకు దక్షిణ ఇచ్చినవా పెద్దమ్మా అని ఒకడు, బతికున్నన్నాళ్లు మొదటి నదే దాటుతది అని ఇంకొకడు. వాళ్ల నవ్వు నాకు పట్టలేదు. ఇప్పుడే వంగి చూసినవాళ్లు, వంగిన సంగతే మరిచిపోయారు, దానికి మండింది. ఇంక ఆ అర్రలో ఆటను మొదటి నుంచి చివరిదాకా నోరెత్తకుండా చూసినవాడు ఒక్కడే మిగిలాడు. వెనక్కి తిరిగి మా ఆయనను అడిగాను. ఏదైనా ఎట్లుందని ముప్పై ఏళ్లలో ఆయనను నేను అడగడం అదే మొదలు. రొట్టెను గురించి అడగలేదు, బర్రెను గురించి అడగలేదు.

"నువ్వు చూస్తివి గద. ఎట్లుంది, చెప్పు."

ఆయన కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"బాగనే ఉంది గని, మొదటిదే బాగుండె."

"మొదటిది చూసినవా నువ్వు?"

"చూడకుంటేంది? అందరంటలేరా."

డిగ్రీ పిల్లగాడు పెద్దాయన మాట పెద్దాయనదే అని మెచ్చుకున్నాడు. కోడలు మాత్రం తల వంచుకుంది. ఆమెకు అర్థమైందని నాకు తెలుసు. ఆ ఇంట్లో మా అక్క ఫోటో నీడన కూరలు వండింది నా తర్వాత ఆమే.

సీడీ నేనే బయటికి తీశాను. కొంగుతో తుడిచి డబ్బాలో పెట్టి, బస్సు పోతది, లెవ్వమని కోడలితో అన్నాను. ఆమె చెప్పులేసుకుని పోయింది. బదులు వచ్చింది ఇంకో కత్తి ఆట. పిల్లలు మెచ్చారు. మరుసటి ఏడాది బస్టాండు దగ్గర నెట్ సెంటర్లు వచ్చి మా దుకాణం మూతపడింది. కత్తి ఏం కాపాడింది?

మా ఆయన పోయి చాలా కాలమైంది. ఆ మాటను ఆయన వెనక్కి తీసుకోలేదు, నేను మళ్లీ ఎత్తలేదు. పళ్లెం పెట్టాను, మందులు ఇచ్చాను, చివరిదాకా చేశాను. ఎట్లుందని మాత్రం ఇంకెప్పుడూ అడగలేదు. నడినీళ్లలో నాణెం ఎందుకు వేశావని మనవరాలు ఇప్పుడు అడుగుతుంది. నది వచ్చింది కాబట్టి వేశాను. ఆట బాగుంది. మొదటిది ఎట్లా ఉండేదో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఇది బాగుంది.

ఆనాడు అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు. నాగర్‌కర్నూల్ పిల్ల మా కోడలు, చేతిలో పేపరుతో. సెల్‌ఫోన్ భాయి. అయిజ నుంచి వచ్చే డిగ్రీ పిల్లగాడు, వాడి వెంట వచ్చిన ఇద్దరు. కుర్చీలో మా ఆయన. గోడ మీద మా అక్క. నేలమీద, టీవీ ముందు, నేను.