బియ్యంలో రాయని పేరు

రెండు గదులు, ఒక వరండా, నాలుగు సిమెంటు తిన్నెలు, పసిపిల్లల్ని తూచే తక్కెడ వేలాడిన కొక్కెం ఒకటి: ఈమధ్య రోడ్డు వెడల్పు చేయడానికి మా ఊరు కాడుగోడిలో పాత తల్లీపిల్లల ఆరోగ్యకేంద్రాన్ని పడగొట్టినప్పుడు పోయినవి ఇవి. లెక్కలు ఎవరి దగ్గరా నేర్చుకోకపోయినా, ఏది పోయినా ముందు లెక్కపెట్టుకోవడం నాకు అలవాటు.

బంగ్లాదేశ్ యుద్ధం జరిగిన చలికాలంలో నాకు ఐదేళ్ళు. సైన్యంలో ఉన్న నాయన సరిహద్దుకు వెళ్ళిన కొద్దివారాలకే ఆ కేంద్రంలో చెల్లెలు పుట్టింది. కాన్పు తర్వాత అమ్మకు జ్వరం తగిలి పాలు పడలేదు. కేంద్రంలో పాలపొడి ఊరికే ఇచ్చేవారు గానీ, బిడ్డ పేరు రాసిన కార్డు ఉంటేనే. మా ఇంట్లోనేమో తండ్రి పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో రాస్తేనే అది పేరు. ఆ పేరేదో నాయన ఎవరికీ చెప్పకుండా మనసులో పెట్టుకుని వెళ్ళాడు. ఆయన లేకుండా పేరు పెట్టడమంటే ఆయన ఇక రాడని ఒప్పుకున్నట్లేనని, ఆయనను కన్న మా అవ్వకు భయం.

చెల్లెలికి ఏడ్చే ఓపిక కూడా లేకుండా పోయిన రోజున, అవ్వ దాన్ని కొంగులో చుట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని నర్సమ్మ దగ్గరకు నడిచింది.

"పేరు చెప్పవ్వా," అంది నర్సమ్మ.

"వాళ్ళ నాయన వచ్చి పెడతాడు."

"నీ కొడుక్కి సెలవు దొరికేదాకా ఈ బిడ్డ కడుపు కాచుకోని ఉంటాదా?"

అవ్వ బిడ్డను ఇంకా గట్టిగా పొదువుకుంది. నర్సమ్మే లేచి వచ్చి, చెల్లెలిని తక్కెడలో వేసి చూసి, గొంతు తగ్గించింది.

"ఇంట్లో ఏమని పిలుస్తా ఉండారు?"

"పాప అని. అది పేరు కాదు తల్లీ!"

"కాదులే అవ్వా. పాలకు గుర్తు, అంతే. మీవాడు వచ్చినాక మార్చి రాస్తా."

ఆ సాయంత్రం ఉగ్గుగిన్నెతో పోసిన పాలు గుటకేస్తున్న చెల్లెలిని చూసి, అవ్వ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

యుద్ధం ముగిసింది. నాయన రాలేదు, టెలిగ్రాం వచ్చింది. తర్వాత ఎందరు ఎన్ని పేర్లు చెప్పినా, ఆయన అనుకున్న పేరు ఏదోనని అమ్మ ఒప్పుకోలేదు. బడిలోనూ బ్యాంకులోనూ ఆధార్‌లోనూ చెల్లెలు పాపే. మనవలు పుట్టినా పాపే.

ఇప్పుడు నేనుండే హూడిలో మా చుట్టుపక్కల పిల్లలు కడుపులో ఉండగానే వాళ్ళ అమ్మానాన్నలు ఫోన్లో వెతికి పేర్లు సిద్ధం చేసుకుంటున్నారు. టీకా వేయించే రోజును కూడా ఫోనే గుర్తుచేస్తుంది. మంచిదే, ఆకలిగొన్న బిడ్డతో ఏ అవ్వా అలా నిలబడనక్కర్లేదు. నాయన పింఛను వచ్చింది, ఆయన సామాన్ల పెట్టె వచ్చింది, ఉంగరమూ వచ్చింది. రావలసినది ఇంకా ఒకటుంది, ఒక్క పేరు.