కళింగపట్నం ఇసుకలో నేను పాతిన పుచ్చకాయలు

ఆ రోజుల్లో నాకు తెలిసిన నీళ్ళన్నీ ఒకే వైపు పారేవి. మాది శ్రీకాకుళానికి ఎగువన, నాగావళి ఒడ్డు. మా ఏరు పొద్దున ఎక్కడుంటే సాయంత్రమూ అక్కడే ఉండేది. ఎండలు ముదిరేసరికి నడుమ ఒక్క పాయ మిగిలి, మిగతాదంతా ఇసుకే. ఆ ఇసుకలో మా నాన్న పుచ్చ పాదులు పెట్టేవాడు. ఎండలో కోసిన కాయని పాయ పక్కన తడి ఇసుకలో మోచేతి లోతున పాతి, కాసేపు ఆగి తీసి కోస్తే పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉండేది. మా వీధిలో ఫ్రిజ్ ఉన్న ఒకే ఒక్క ఇంటివాళ్ళు కూడా పుచ్చకాయని మాత్రం ఏట్లోనే పాతేవారు. పంతొమ్మిదేళ్ళ వయసులో నాకు ఖాయంగా తెలిసిన విద్య అదొక్కటే. (డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను గాని, దాన్ని విద్య అనడానికి మా లెక్చరర్లు ఒప్పుకోరు.) ఆ ఒక్క విద్యతో నేను చేసిన నిర్వాకం ఇరవై ఏళ్ళకు పైగా ఇంకొకరి పేరు మీద చెలామణి అయింది. మా చుట్టాల్లో ఇప్పటికీ సగం మంది ఆ కథని తప్పుగానే చెప్పుకుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ ఇంకొకరు మా బావ. అక్కా ఆయనా శ్రీకాకుళంలో ఒకే కాలేజీలో చదివారు. వాళ్ళది కళింగపట్నం దగ్గర సముద్రపు ఒడ్డున ఊరు. తాతల నాటి నుంచి సముద్రంలో వేట, చేపల వ్యాపారం. మాది వరి, చోడి, కాస్త నువ్వులు. అతన్నే చేసుకుంటానని అక్క అన్నప్పుడు నాన్న కాదనలేదు, అవుననీ అనలేదు. పెళ్ళికి వచ్చి అక్షింతలు వేసి, "మడికి నీళ్ళు పెట్టాల" అని భోజనం చేయకుండా వెళ్ళిపోయాడు. (అది ఏప్రిల్ నెల. మడిలో గడ్డి కూడా లేదు.) ఆ తర్వాత ఏడాది పాటు బావ మా ఇంటికి వచ్చినప్పుడల్లా నాన్నకి పొలంలో ఏదో అత్యవసరమైన పని పడేది. బావ చేతిలో చేపల సంచితో వాకిట్లో నిలబడేవాడు, నాన్న పెరటి దారిన వెళ్ళిపోయేవాడు, అక్క తల వంచుకునేది. అమ్మకి ఇది చూసి చూసి విసుగొచ్చింది. ఓ రాత్రి అన్నాలు వడ్డిస్తూ ఎవరికో చెబుతున్నట్టు అంది: "ఆదివారం అందరం కళింగపట్నం బీచీకి ఎల్దాం. ఆల్లూ వస్తారు. ఎవులి గుమ్మం ఎవులూ తొక్కక్కర్లేదు. ఇసకకి గుమ్మం లేదు కదేటి."

నాన్న అన్నం కలుపుకుంటూ ఉండిపోయాడు. కాని ఆదివారం తెల్లవారుజామునే ఏట్లోకి వెళ్ళి, కాయ కాయనీ వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, ఏడు పుచ్చకాయలు కోసుకొచ్చాడు. వాటిని గోనె సంచిలో గడ్డి వేసి సర్దాడు. కత్తిని తువ్వాల్లో చుట్టి పెట్టుకున్నాడు. ఆటోలో అరసవల్లి దాటాక కూడా ఆ సంచి ఆయన మోకాళ్ళ మధ్యే ఉంది. మా నాన్న నోటితో చెప్పలేని మాటలు ఆ సంచిలో ఉన్నాయని అమ్మకి తెలుసు. నాకు మాత్రం అందులో పుచ్చకాయలే కనిపించాయి.

సముద్రాన్ని నేను అంత దగ్గరగా, అంత తీరిగ్గా చూడడం అదే మొదలు. మేం వెళ్ళేసరికి అది ఎక్కడో దూరంగా వెనక్కి వెళ్ళి, పల్చటి వెలుగులో ఊపిరి తీసుకుంటున్న పశువులా కదులుతోంది. మెరిసే తడి ఇసుక మీద ఆకాశం ఒలికిపోయినట్టుంది. మనుషులు మబ్బుల మీద నడుస్తున్నట్టు కనిపించారు. లైట్‌హౌస్, సరుగుడు తోటల చప్పుడు, పడవల దగ్గర ఆరేసిన వలలు, ముంత మసాలా బండి, బుడగలవాడి ఈల, చీరలు తడవకుండా కుచ్చెళ్ళు పట్టుకుని కెరటానికి ఎదురెళ్ళి కెరటం రాగానే ఒక్కసారిగా వెనక్కి పరిగెత్తే ఆడవాళ్ళు. జిల్లాలో సగం మంది అక్కడే ఉన్నారనిపించింది. ఎవరికీ ఏ తొందరా లేదు. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. బావ వాళ్ళమ్మ (చేపలు అమ్మీ అమ్మీ గొంతు గట్టిపడిన మనిషి) నన్ను చూసి, "ఏటి బావూ, సముద్రానికి మాటొచ్చినాదేటి, అలగింటన్నావు" అంది.

బావ గోనె సంచిని అందుకోబోయాడు. నాన్న దాన్ని నా చేతికిచ్చాడు. బావ చిన్నబుచ్చుకోలేదు. "ఆ సరుగుడు నీడన పెట్టీరా, సల్లగుంటాది" అని నాతో అన్నాడు.

ఇక్కడే నా విద్య నన్ను పొడిచింది. నీడన పెడితే చల్లబడేదానికి తడి ఇసుక ఎందుకు? చేపల గురించి తెలిసినవాళ్ళకి పుచ్చకాయల గురించి ఏం తెలుసు? అందరూ చాపలు పరిచే హడావిడిలో ఉండగా నేను సంచి భుజాన వేసుకుని నీళ్ళ దాకా నడిచాను. అలాంటి తడి ఇసుక మా ఏట్లో ఎన్నడూ చూడలేదు, వెన్నలా ఉంది. ఏడు గుంటలు తవ్వి ఏడు కాయలూ పాతాను. గుర్తు కోసం నా కొత్త చెప్పులు ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర పెట్టాను. లేచి నడుం మీద చేతులేసుకుని చూస్తే, సముద్రానికి కూడా నా పనితనం నచ్చినట్టే అనిపించింది.

ఆ తర్వాత గంటలు ఎలా గడిచాయో చెప్పలేను. కెరటాల్లో మునిగాం. అక్క చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వడం విన్నాను. భోజనాల దగ్గర అమ్మ పులిహోర, బావ వాళ్ళమ్మ చేపల పులుసు. నాన్న పులుసు కొద్దిగా వేయించుకున్నాడు. తిన్నాడు. విస్తరి ఒక్క బెత్తెడు ముందుకు జరిపాడు. బావ వాళ్ళమ్మ అది చూసి, ఇంకో గరిటె వేసి, "నచ్చినాదని సెప్తే నోరు పోతాదేటి అన్నియ్యా" అంది. నాన్న మీసం కదిలింది. చేయి కడుక్కుని, తువ్వాలు పరిచి, కత్తి తీసి పక్కన పెట్టుకున్నాడు.

"ఒరే, కాయలు పట్రా. మొదటి ముక్క అల్లుడికి ఇద్దాం" అన్నాడు.

ఆయన నోట 'అల్లుడు' అన్న మాట ఏడాదిలో అదే మొదటిసారి వినడం. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను హుషారుగా లేచి సముద్రం వైపు తిరిగాను. నేను పాతిన చోటు లేదు. పాతిన చోటే కాదు, దానికివతల ఇరవై అడుగుల దాకా ఇసుకే లేదు. సముద్రం నడిచి మా దగ్గరికి వచ్చేసింది. ఆ నీళ్ళ మీద, కెరటం వెనక కెరటం ఎక్కి దిగుతూ, స్నానానికి దిగిన పెద్దమనుషుల గుండ్ల మాదిరి మా పుచ్చకాయలు నెమ్మదిగా, ఎంతో హుందాగా వెళ్ళిపోతున్నాయి. ఆకుపచ్చగా మెరుస్తూ ఎంత అందంగా ఉన్నాయంటే, ఒక్క క్షణం అవి ఎవరివో మరిచిపోయి చూశాను. బుడగలవాడు బుడగలు వదిలేసి ఒకదాని వెంట పడ్డాడు. ఒక కాయ కెరటంతో వచ్చి ఎవరి కాళ్ళ దగ్గరో పగిలి ఎర్రగా పరుచుకుంది. బీచ్ మొత్తం లేచి నిలబడి నవ్వింది. నా చెప్పు ఒకటి కూడా పుచ్చకాయల వెనకే బయల్దేరింది.

నాన్న వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "అక్కడ ఎవుడు పెట్టమన్నాడురా?" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేను నిజం చెప్పేవాణ్ణేమో. ఆ నెమ్మదికే నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"బావే పెట్టమన్నాడు" అన్నాను.

బావ నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. వేటకెళ్ళేవాడు మబ్బుని చూసినట్టు నన్ను చూశాడు. తర్వాత నాన్న వైపు తిరిగి, "అవును మావా. నానే అన్నాను. మరిసిపోనాను" అన్నాడు.

వాళ్ళమ్మ నడుం మీద చేయి వేసుకుంది. "సముద్రం కాడ పుట్టినోడివి, పోటు ఎప్పుడొస్తాదో తెల్దేటిరా నీకు? మీ నాన్నుంటే తెడ్డు తిరగేసును." (సముద్రం ముందుకొచ్చే వేళని వాళ్ళు పోటు అంటారు. వాళ్ళ పిల్లలు నడక కంటే ముందు అది నేర్చుకుంటారని నాకు తర్వాత తెలిసింది.) అలా అంటూనే ఆవిడ నా కాళ్ళకేసి చూసింది. వట్టి కాళ్ళు. తర్వాత నీళ్ళ మీద తేలుతున్న చెప్పుని చూసి, కొడుకుని తిట్టడం ఆపేసింది. నాన్న కత్తిని మళ్ళీ తువ్వాల్లో చుట్టాడు. ఆటోలో తిరిగి వస్తూ ఒకే ఒక్క మాట అన్నాడు: "ఇచ్చినదానికి ఇలవ తెలీనోడు." అమ్మ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

దాని ఫలితం ఏమిటంటే, నాన్న ఇంకో రెండేళ్ళు బావతో మాట్లాడలేదు. మేనకోడలు పుడితే, బావ ఇంట్లో లేని వేళ కనుక్కుని వెళ్ళి చూసొచ్చాడు. అటు ఒడ్డున బావకి 'పుచ్చకాయ' అనే పేరు స్థిరపడింది. పోటు తెలియని మత్స్యకారుడంటే వాళ్ళలో అది ఎంత తలవంపో, లెక్కలు రాని లెక్కల మాస్టారిని ఊహించుకోండి. పడవ దగ్గరికి వెళితే చాలు, "ఒరే పుచ్చకాయా, ఇయ్యాల పోటెప్పుడో సెప్పు" అని అరిచేవారట. నేనొకసారి నాన్నకి నిజం చెప్పేద్దామని పొలానికి వెళ్ళాను. ఆయన కొడవలి నూరుకుంటున్నాడు. ఇంకో రోజు చూద్దామనుకున్నాను.

ఆ మూడో వేసవిలో, అక్కని తీసుకెళ్ళడానికి బావ వచ్చినప్పుడు నాన్న ఎందుకో పెరటి దారిన వెళ్ళలేదు. అరుగు మీద కాయలు పేరుస్తూ, తల ఎత్తకుండా, "రెండు కాయలట్టుకెల్లండి అల్లుడుగారూ. సముద్రానికి మాత్రం పెట్టీకండి" అన్నాడు. బావ పగలబడి నవ్వాడు. అప్పటి నుంచి వాళ్ళిద్దరి పలకరింపు అదే. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, ఆస్పత్రి వరండాలో కూడా. దాని నుంచే వానల మీదికి, ధరల మీదికి మాట వెళ్ళేది. నేనొకసారి బావని పక్కకి పిలిచి నిజం చెప్పేస్తానంటే, "నువ్వు సెప్పీసినావంటే ఇంక మీ నాన్న నాతో ఏటి మాటాడతాడురా? ఊరుకో" అన్నాడు. నేను గొప్ప త్యాగం చేస్తున్నవాడిలా ముఖం పెట్టి ఊరుకున్నాను.

పోయిన వేసవిలో మళ్ళీ అందరం కళింగపట్నం వెళ్ళాం. నాకు బట్టతల వచ్చింది, నాన్నకి చూపు తగ్గింది, బావకి మీసం నెరిసింది. సముద్రం మాత్రం ఆనాటి పొద్దున లాగే దూరంగా మెరుస్తోంది. మేనకోడలు తన స్నేహితురాళ్ళకి పుచ్చకాయల కథ చెప్పి, "నాన్నా, నిజంగా నీకు పోటు తెల్దా?" అని అడిగింది. బావ ఎప్పటిలాగే నవ్వాడు. కాని నవ్వు అయ్యాక కాసేపు సముద్రం వైపు చూశాడు. ఆ చూపు దగ్గర నేను ఆగలేకపోయాను.

"పాతింది నేను. బావ నీడన పెట్టమన్నాడు. అబద్ధం చెప్పాను" అన్నాను, అందరి మధ్యా, ముంత మసాలా పొట్లం చేతిలో పట్టుకుని.

ముందుగా నోరు విప్పింది ఎనభై దాటిన బావ వాళ్ళమ్మ. "ఇన్నాల్లకి నోరొచ్చినాదేటి బావూ నీకు."

నాన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత బావ ఉన్న వైపు ముఖం తిప్పి, "మరి మీరెందుకు ఒప్పుకున్నారు?" అన్నాడు.

"కుర్రోడు వణికిపోతన్నాడు మావా. మిమ్మల్ని సూస్తే సముద్రమే ఎనక్కెల్లిపోయీటట్టున్నాది."

ఎవరో నవ్వారు. నాన్న నవ్వలేదు. ఆ మధ్యాహ్నమంతా వాళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. నాన్న రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. అలవాటైన మాట ఇప్పుడు అనడానికి లేదు. బావ ఇసుకలో పుల్లతో గీతలు గీశాడు. నిజం చెబితే గుండె తేలికవుతుందంటారు గాని, నాకు మాత్రం ఏడు కాయల సంచి మళ్ళీ భుజానికెత్తినట్టయింది. ఉన్న ఒక్క వంతెననీ నా చేత్తో నేనే కూల్చేశానని అక్క చూపులోనే అర్థమైంది.

పొద్దు వాలింది. బయల్దేరే వేళ మెత్తటి ఇసుకలో నాన్న కాలు తడబడింది. నేను లేచేలోపు బావ చేయి అందించాడు. నాన్న ఆ భుజం పట్టుకున్నాడు. నాలుగడుగులు నడిచాక ఆయన గొంతు వినిపించింది.

"అల్లుడా, ఈడి సంగతి నీకు పూర్తిగా తెల్దు." గారూ లేదు, అండీ లేదు. "ఐదో క్లాసులో ఇత్తనం శెనక్కాయలు నాటమంటే, ఇవి బాగుంటాయని తినడానికి ఏపినవి నాటీసినాడు. పది రోజులు నీల్లు పోసినాడు."

"ఏపినవా?" బావ ఆగిపోయాడు.

"ఏపినవే. మొలకలు రాకపోతే ఏడ్సినాడు."

బావ నాన్నని పట్టుకునే నవ్వాడు, నాన్న బావని పట్టుకునే నవ్వాడు. ఇద్దరూ ఒకరికొకరు ఆసరాగా, లైట్‌హౌస్ వైపు, ఆ పల్చటి వెలుగులోకి నడుస్తున్నారు. గాలి ఆ మాటల్లో సగం ఎత్తుకెళ్ళి సగమే నాకిచ్చింది. "ఇంకోటి సెప్తాను ఇను" అంటున్నాడు నాన్న. చాపలు, గిన్నెలు మోసుకుంటూ వెనక నడుస్తున్న నాకు, అయిదో తరగతి కుర్రాడూ పంతొమ్మిదేళ్ళ కుర్రాడూ ఇద్దరూ వాళ్ళ ముందు చెవులు పట్టుకుని నిలబడ్డట్టు అనిపించి నవ్వొచ్చింది. నిజానికి నేను నీళ్ళు పోసింది పది రోజులు కాదు, పదిహేను. ఆ ఒక్కటి మాత్రం సరిచేయలేదు.