ఎనిమిదో కంప్యూటరు రెండో నంబరు

మారెప్ప కూతురు ఎస్తేరు గురించి నాలుగు మాటలు రాయాలి. బత్తలపల్లెలో శ్రీరంగప్ప పెట్టిన ఆన్‌లైన్ పరీక్షల సెంటరులో ఇరవై కంప్యూటర్లు చూసుకునేది ఆమే. ఆ గదికి వైర్లు లాగింది నేను. ఐదో తరగతి చదివి, ముప్పైనాలుగేళ్లు టెలిఫోన్ లైన్‌మన్‌గా చేసి, పంతొమ్మిది ఊళ్లలో ఫోను గంట మోగించినవాణ్ణి. కుళ్ళాయప్ప వేసిన ముడి ఊడిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

మొన్న పరీక్ష రోజు పొద్దున నేను వెళ్లేసరికి కంప్యూటర్లు సర్వరుతో ఒక నిమిషం కలుస్తున్నాయి, మరునిమిషం తెగుతున్నాయి.

"పదింటిలోగా బాగు కాకపోతే రేపట్నుంచి నువ్వు రావద్దు" అన్నాడు శ్రీరంగప్ప ఎస్తేరుతో. చేలల్లో కూలి దొరకని ఆ ఇంటికి ఆమె జీతమే దిక్కు.

అంతలో అనంతపురం నుంచి ఆయన అల్లుడు హేమంత్ దిగాడు. ఇంజనీరింగ్ చదివాడట. నల్లకళ్లద్దాలు నెత్తి మీద పెట్టుకుని, ప్రతి లినక్స్ కంప్యూటరులోనూ ఐఎఫ్ కాన్ఫిగ్ అనే పాత కమాండు కొట్టాడు. ఏ కంప్యూటరుకు ఏ నంబరుందో అది చూపుతుంది. ఒకే నంబరు రెండింటికి ఉంటే లైను ఇలాగే తెగుతుంది.

"ఒకే నంబరు రెండింటికి యాడా లేదు. తప్పంతా ఈ ముసలాయప్ప వైర్లదే" అని సాకెట్లలోంచి వైర్లు ఊడబీకసాగాడు.

"అన్నా, ఐపీ అనే కొత్త కమాండుతో చూడన్నా. పాతది అన్ని నంబర్లూ చూపించదు" అంది ఎస్తేరు.

"కాలేజీలో మాకు నేర్పిచ్చింది ఇదే. నువ్వు యాడ నేర్చినావు, యూట్యూబులోనా?"

"యాడైతే ఏమన్నా, కనపడల్ల గానీ!"

పాతదైతే చాలు గొప్ప అనే రకం కాదు నేను. కొత్త టెస్టరు చేతికొచ్చిన రోజే పాతదాన్ని పెంట మీద పారేశాను. డెబ్బై రెండేళ్లొచ్చినా సూదిలో దారం ఎక్కిస్తాను. కంటికి ఆనకపోతే ఆనలేదంటాను, లేదనను. ఆ పాటి తెలివి ఇంజనీరింగ్‌లో చెప్పరు కాబోలు.

ఎస్తేరు ఒక్కో కంప్యూటరు ముందూ కూర్చుని ఐపీ కమాండు కొట్టింది. ఎనిమిదోదానికి రెండు నంబర్లు! రెండోది అచ్చంగా సర్వరు నంబరే. ముందురోజు గదిలో కెమెరాలు బిగించినవాడు పరీక్షించడానికి పెట్టి మరచిపోయాడు. పాత కమాండు మొదటిది చూపి ఊరుకుంది. ఎస్తేరు రెండోదాన్ని తీసేయగానే తెగడం ఆగింది. అప్పటికి తొమ్మిదిన్నర.

శ్రీరంగప్ప గడియారం చూసి, సెంటరు తాళంచెవి తెచ్చి ఎస్తేరు బల్ల మీద పెట్టాడు.

హేమంత్ పీకిన ఆరు వైర్లు నేను పెట్టబోతే ఆమె నన్ను ఆపింది.

"నువ్వు కూర్చో తాతా. పీకినోడే పెడతాడు."

"ఏది యాడ పెట్టల్ల?" అని నన్నడిగాడు ఇంజనీరు.

ఎస్తేరును అడగమన్నాను.